కాందిశీకులా, వలస వెళ్ళినవాళ్ళా?

అందరికీ నమస్కారం. ఒక ఫోటో ప్రదర్శనకి వ్యాఖ్యలు తెలుగు చేస్తున్నాను. అందులో ఫ్రాన్సు, జర్మనీ సరిహద్దులో ఉన్న అల్సాస్ ప్రాంతపు కుటుంబం ఒకటి: కుర్చీలో తండ్రి, వెనక భార్య, చుట్టూ పిల్లలు. 1872లో ఊరు వదిలేముందు స్టూడియోకెళ్ళి తీయించుకున్నారట. కింద ఫ్రెంచిలో ‘ఓప్తాఁ’ అని ఉంది. నేను ‘కాందిశీకుల కుటుంబ పటం’ అని రాశాను. బావుందా?

—

బాలేదమ్మా. కాందిశీకుడంటే ‘కాం దిశం’, ఏ దిక్కుకి పోను అని పరుగెత్తేవాడు. వీళ్ళకి దిక్కు తెలుసు. యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయాక, 1871 మే 10 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ సంధితో అల్సాస్ జర్మనీకి పోయింది. ఫ్రెంచి పౌరులుగానే ఉంటామనేవాళ్ళు 1872 అక్టోబరు 1 లోపు ఆ మాట అధికారులకి చెప్పి, కాపురం ఫ్రాన్సుకి ఎత్తేయాలి. తమాషా ఏంటంటే ఇల్లూ పొలమూ వాళ్ళవే, అమ్ముకోనక్కర్లేదు. అక్కడ కాపురమే ఉండకూడదు! ‘ఓప్తాఁ’ అంటే ఆ ఎంపిక చేసుకున్నవాడు.

‘పటం’ కూడా తీసేయ్. పటం కట్టించారంటే మనవాళ్ళు దండ కోసం వెతుకుతారు. చిత్తరువంటే కుంచెతో వేసింది. హాయిగా ‘ఫోటో’ అను.

—

మాస్టారూ, ‘వలస’ ఎందుకు కాదు? ఇప్పుడంటే కూలి కోసం పోవడమే గుర్తొస్తుంది గానీ, బ్రౌన్ నిఘంటువులో శత్రుసేనకి భయపడి ఊరొదిలిపోవడమనే అర్థం ఉంది. ఇక్కడ సేన వచ్చేసింది, భయం స్థానంలో పంతం ఉంది, అంతే తేడా.

—

వలస నాకూ ఇష్టమే. కానీ ఒక్క జాగ్రత్త. అల్సాస్ వదిలినవాళ్ళంతా ఓప్తాఁలు కారు. టెక్సస్‌లోని క్యాస్ట్రోవిల్‌లో అల్సాస్‌వాళ్ళు 1844లోనే దిగారు, భూమి కోసం. కాబట్టి ఆ ఫోటో ఎవరింటి పెట్టెలోంచి వచ్చిందో కనుక్కోండి. అప్పటి కార్డు ఫోటోలు, అంటే అట్ట మీద అతికించినవి, ఒకే నెగటివ్ నుంచి ఎన్నో తీసేవారు. వెళ్ళేవాళ్ళ దగ్గరొకటి, ఉండిపోయిన నాయనమ్మ దగ్గరొకటి. వెనక అట్ట మీద స్టూడియో ఊరి పేరుంటుంది; అల్సాస్‌లోని ముల్హూజ్ పట్టణమే అయితే, ముల్హూజ్ అని ఫ్రెంచిలో ఉందా, ముల్‌హౌజెన్ అని జర్మన్‌లో ఉందా చూడండి. పాత అట్టలే వాడేసి ఉండొచ్చు కనుక అదొక్కటే సాక్ష్యం అనుకోకండి.

—

అందరికీ థాంక్స్. ‘ఫ్రాన్సునే ఎంచుకుని వలస వెళ్ళిన కుటుంబం, అల్సాస్, 1872’ అని మార్చాను. అట్ట వెనక స్కాన్ అడిగాను.

—

స్కాన్ వచ్చేదాకా 1872 ముందు ‘సుమారు’ పెట్టమ్మా.