పల్నాడులో 200 గజాల ఇల్లు: వేడి, కరెంటు బిల్లు తగ్గాలంటే డబ్బు ముందు దేనిమీద పెట్టాలి?

పేట_కుర్రోడు

అందరికీ నమస్కారం అండీ. మాది నరసరావుపేట పక్కన. 200 గజాల సైటు, పడమర ఫేసింగు. వచ్చే నెల శంకుస్థాపన అనుకుంటున్నాం. ఇప్పుడు ఉంటున్నది అద్దింట్లో పై పోర్షను, మే నెలొచ్చిందంటే అర్ధరాత్రి దాటినా శ్లాబు చల్లారదు, ఫ్యాను వేస్తే పైనున్న వేడంతా కిందకి తోస్తది, ఏసీ వేసినా గది చల్లబడేసరికి తెల్లారిపోద్ది. మాకు రెంటచింతల ఎంత దూరమో తెలుసుగా, ఇంక చెప్పేదేముంది.

సొంతిల్లయినా ఇట్లా కాకుండా కట్టుకుందామని. మేస్త్రి ఏమో బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుక వేద్దాం చల్లగా ఉంటది, లోపల ఫాల్స్ సీలింగ్ కొట్టిస్తే సరిపోద్ది అంటున్నాడు. నాన్నగారు ఎర్ర ఇటుక తప్ప ఒప్పుకోరు. ఎలివేషన్ గీసినతను ముందు వైపు హాలుకి పెద్ద గ్లాసు పెట్టిచ్చాడు, సజ్జాలు తీసేశాడు, ఫోన్‌లో చూస్తే మాత్రం బలే ఉంది. మా ఆవిడేమో ఇదంతా ఎందుకు, సోలార్ పెట్టించేస్తే ఏసీ ఎంతసేపు వేసుకున్నా నీ నస ఉండదుగా అంటోంది. వీటికంటూ విడిగా మూడు లక్షల దాకా పెట్టగలను. ప్రస్తుతానికి గ్రౌండ్ ఫ్లోరే. ఏది ముందు, ఏది దండగ, చెప్పండి.

సివిల్_బాబాయ్

తమ్ముడూ, నేను బెజవాడలో స్ట్రక్చరల్ పని చేస్తా. ముందు శ్లాబు, తర్వాత పడమటి గోడ, ఆ తర్వాత కిటికీలు. ఫ్యాన్లు ఏసీలు వాటి తర్వాత, సోలార్ చిట్టచివర. మీ ఆవిడ గారికి కోపం రావచ్చు గానీ కారణం చెప్తా.

మనం ఉన్నది 16 డిగ్రీల అక్షాంశం మీద. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అక్కణ్ణించి జూన్, జూలైల్లో కొంచెం ఉత్తరానికే జరుగుతాడు. అంటే ఎండాకాలంలో దక్షిణం గోడ మీద పడే ఎండ చాలా తక్కువ, చాలామంది అదే వేడి గోడ అనుకుంటారు. అసలు దెబ్బ పొద్దంతా శ్లాబు మీద, సాయంత్రం పడమటి గోడ మీద. గ్రౌండ్ ఫ్లోరే అంటున్నావు కాబట్టి నీ ఇంటి మొత్తానికి శ్లాబు ఎండలోనే ఉంటది.

ఎకో నివాస్ సంహిత అని కేంద్రం 2018లో ఇళ్ళ కోసం ఒక కోడ్ తెచ్చింది. దాని ప్రకారం పైకప్పు యూ వాల్యూ 1.2 దాటకూడదు, ఈ నంబరు ఎంత తక్కువుంటే వేడి అంత తక్కువ దిగుతుంది. మనం మామూలుగా వేసే శ్లాబు ఒట్టిదైతే అది 3 పైనే ఉంటది. దాని మీద 50 ఎంఎం ఎక్స్‌పీఎస్ షీట్లు పరిస్తే ఆరో వంతుకి, అంటే 0.5 దగ్గరికి వస్తది. ఎక్స్‌పీఎస్ అంటే చూడ్డానికి థర్మాకోల్‌లా ఉంటది గానీ గట్టిది, నీళ్ళు పీల్చదు. ముందు శ్లాబుకి వాటర్‌ప్రూఫింగ్, దాని మీద ఈ షీట్లు సందుల్లేకుండా, పైన ఒక పాలిథీన్ షీటు, ఆ పైన కోడి మెష్ వేసి వాటం ఇస్తూ కాంక్రీటు, ఆఖర్న తెల్ల టైలు. ఏం చేసినా శ్లాబు పైనే చెయ్యాలి. ఫాల్స్ సీలింగ్ కింద కొట్టావనుకో, వేడి కొంత ఆగుద్ది, కాదనను, కానీ పైన శ్లాబు పగలంతా కాలుతూనే ఉంటది, రాత్రంతా ఆ వేడి దించుతూనే ఉంటది. పైగా ఎండకి సాగి చలికి ముడుచుకుని కొన్నేళ్ళకి పగుళ్ళు, ఆ పగుళ్ళలోంచి వాన నీళ్ళు.

ఫ్లై యాష్ ఇటుక మంచిదే. అంచులు సాపుగా ఉంటాయి, ప్లాస్టరింగ్ కలిసొస్తది, పొలం మట్టి తవ్వక్కర్లేదు. కానీ చల్లదనం కోసమైతే ఎర్ర ఇటుకకీ దానికీ పెద్ద తేడా ఏమీ లేదు. తేడా కావాలంటే ఏఏసీ బ్లాకులే, అంటే లోపలంతా సన్న గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు బ్లాకులు. 9 అంగుళాల ఇటుక గోడ యూ వాల్యూ 2 పైన ఉంటది, 8 అంగుళాల ఏఏసీ గోడ ఒకటి లోపే.

గూడెం_అన్న

మాది కొత్తగూడెం, ఎండల సంగతి మీకు తక్కువ మాకు ఎక్కువ ఏం లేదు. మా ఇల్లు మొత్తం ఏఏసీ తోనే కట్టినం, వేడి విషయంల మస్తు తేడా ఉంది. గానీ బ్లాకు సంగతి తెల్వని మేస్త్రితోని మాత్రం కట్టియ్యకు అన్నా. ఎర్ర ఇటుక లెక్క బకెట్లకు బకెట్లు నీళ్ళు కొట్టుడు, అర ఇంచు సిమెంటు మాలు పెట్టుడు చేస్తరు, గట్ల చేస్తే ప్లాస్టర్ మీద గీతలు గీతలు పగుళ్ళొస్తయ్, మా చుట్టాలింట్ల అదే అయింది, ఇగ బ్లాకు మంచిది కాదని ఊరంత చెప్పుకుంట తిరిగిన్రు. దానికి జాయింటింగ్ మోర్టార్ అని బస్తాలు దొరుకుతయ్, 3 ఎంఎం మందం చాలు. బ్లాకు గోడ పిల్లరుకు, బీముకు కలిసే కాడ ఫైబర్ మెష్ కంపల్సరి. ఇంకోటి, గీజరు, టీవీ, కిచెన్ కప్‌బోర్డులు తగిలిచ్చేటప్పుడు మామూలు స్క్రూలు ఆగయ్, ఏఏసీకి వేరే యాంకర్లు ఉంటయ్, అవి తెప్పిచ్చుకో.

బ్లాకు తేలిక కాబట్టి శ్లాబు మీద, పునాది మీద బరువు తగ్గుతది. డిజైన్ గీసేటప్పుడే ఇంజినీరుకు చెప్పు, స్టీలు ఏమన్న కలిసొస్తదేమో చూస్తడు. గోడ లేచినంక చెప్తే ఏం లాభం లేదు.

ప్రొద్దుటూరు_పెద్దాయన

చూడు నాయనా, మా కడప జిల్లాలో పాత మిద్దెలు చూసినావా, దూలాల మీద జానెడు మన్ను పోసిండేది. మే నెలలో మద్యాన్నం అందులోకి పోయి పడుకుంటే దుప్పటి కావాల్సొచ్చేది. ఇప్పుడు ఐదంగుళాల శ్లాబేసి దాని మీద ఒక ఏసీ పెట్టి బిల్లు చూసి గుండెలు బాదుకుంటున్నారు.

నీది పడమర ఫేసింగు కదా, మాస్టర్ బెడ్రూం నైరుతిలోనే వస్తుంది, అంటే రోడ్డు పక్క, సాయంత్రం ఎండ నేరుగా కొట్టే మూల. వాస్తు మార్చమని నేను చెప్పను, ఎట్లా మార్చరు. బీరువా నైరుతిలోనే గదా పెడతాం, ఆ పడమటి గోడ పొడుగునా వార్డ్‌రోబులు కట్టించెయ్, గోడకీ మనిషికీ మధ్యన బట్టలు అడ్డం. కిటికీ దక్షిణం వైపు పెట్టుకో. పడమట, దక్షిణాన పెద్ద చెట్లుండొచ్చునని వాస్తూనే చెప్తుంది, కాంపౌండు పక్కన ఒక వేపో కానుగో ఇప్పుడే నాటు, ఇల్లు లేచే లోపల అది కూడా లేస్తుంది. రావి, మర్రి మాత్రం వద్దప్పా, పునాది పట్టేస్తాయి.

ఆ గ్లాసు ఎలివేషన్ గీసినాయన్ని ఒక మే నెల సాయంత్రం నాలుగింటికి ఆ హాల్లో కూచోమను. సజ్జాలు లేని ఇల్లు ఏం ఇల్లు?

సివిల్_బాబాయ్

పెద్దాయన చెప్పిన వార్డ్‌రోబుల మాట బంగారం. సజ్జా గురించి మాత్రం ఒక చిన్న మాట. దక్షిణం కిటికీకి రెండడుగుల సజ్జా బ్రహ్మాండంగా పనిచేస్తది. పడమరకి వచ్చేసరికి సాయంత్రం సూర్యుడు కిందకి దిగి ఉంటాడు కాబట్టి సజ్జా కిందనుంచే ఎండ లోపలికి దూరుద్ది. వానకి సజ్జా ఎటూ కావాలి, వేయించు, కానీ పడమటి ఎండకి నిలువుగా అడ్డం ఉండాలి. ముందు గ్లాసు బదులు మట్టి జాలీలు పెట్టించు, లేదా చిక్‌లు అంటారే, ఆ వెదురు తెరలు కిటికీకి బయట కట్టు. బయట అనేది ముఖ్యం, లోపల ఎంత మందం కర్టెన్ వేసినా ఎండ అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసినట్టే.

కిటికీలు కూడా యూపీవీసీ స్లైడింగ్ వద్దు, ఎంత పెద్దది పెట్టినా తెరిస్తే సగమే తెరుచుకుంటది. రెక్కల కిటికీ పెట్టు, దానికి ఎదురుగా ఇంకో కిటికీ ఉండాలి.

ఆస్టిన్_రావు

మేం టెక్సాస్‌లో ఉంటాం, ఇక్కడా వంద ఫారెన్‌హీట్ దాటి కాస్తుంది. అటక మీద మందంగా ఇన్సులేషన్, డబుల్ గ్లేజింగ్ కిటికీలు, ఎక్కడా గాలి లీక్ లేకుండా సీల్ చేస్తారు. మనవాళ్ళు కూడా అలా ఎందుకు కట్టరో అర్థం కాదు. డబుల్ గ్లాస్ వేసుకోండి బ్రదర్, ఒకసారి పెట్టుబడి.

సివిల్_బాబాయ్

రావు గారూ, పైన ఇన్సులేషన్ అన్నారు చూడండి, అది నూటికి నూరు రైటు, నేను చెప్పేదీ అదే. మిగతాది ఇక్కడ కుదరదు. అక్కడ ఇల్లంతటికీ ఒకటే సెంట్రల్ ఏసీ, తలుపులు బిగించుకుని ఉంటారు. ఇక్కడ ఒక బెడ్రూంలో రాత్రి ఏసీ, మిగతా ఇల్లంతా ఫ్యాను, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కిటికీలు బార్లా. తెరిచి ఉంచే కిటికీకి డబుల్ గ్లాసెందుకు? ఆ డబ్బుతో చాలావరకు శ్లాబు పనే అయిపోద్ది.

పేట_కుర్రోడు

అందరికీ థాంక్స్ అండీ, ఇంత డీటెయిల్‌గా చెప్తారనుకోలేదు. ఒక డౌటు, మొదటి పోస్టులో రాయలేదు, ఐదారేళ్ళలో తమ్ముడి కోసం పైన ఇంకో ఫ్లోరు వేసే ఆలోచన ఉంది. అప్పుడు ఈ ఎక్స్‌పీఎస్, టైల్సు అన్నీ పగలగొట్టాలి కదా?

సివిల్_బాబాయ్

ఇది ముందే చెప్పాల్సిన మాట తమ్ముడూ, లెక్క మొత్తం మారిపోద్ది. పైన ఫ్లోరు పడితే ఈ శ్లాబు మీద ఎండే పడదు, మరి ఐదారేళ్ళ కోసం అంత ఖర్చెందుకు? ఆ డబ్బు గోడలకి పెట్టు, గోడలు మళ్ళీ మార్చలేవు. శ్లాబుకి ఇప్పుడు మంచి వాటర్‌ప్రూఫింగ్ చేయించి ఏటా మార్చిలో సున్నం కొట్టు. పిడుగురాళ్ళ పక్కనే పెట్టుకుని సున్నానికి వెతుక్కుంటావా! రాత్రి నానబెట్టి, పొద్దున వడగట్టి, పట్టుకోసం కొంచెం ఫెవికాల్ లాంటిది కలిపి రెండు మూడు పూతలు. రాళ్ళ సున్నం నీళ్ళలో వేసినప్పుడు సలసలా ఉడుకుద్ది, కళ్ళు జాగ్రత్త, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. వానలకి కొంత పోద్ది, దుమ్ము పట్టినా పనితనం తగ్గుద్ది, అందుకే ప్రతి ఏడూ వెయ్యాలి. ఇన్సులేషన్ అంత కాదు గానీ ఖర్చుకి చాలా ఎక్కువ ఫలితం. పై ఫ్లోరు శ్లాబు వేసిన రోజున ఎక్స్‌పీఎస్ పని దానికి చేద్దువు గానీ.

పిల్లర్ల చువ్వలు పైకి వదిలేస్తావుగా, వాటికి సిమెంటు పాలు పూసి పైన పలచగా కాంక్రీటు కప్పించు. ఊళ్ళో చూస్తూనే ఉంటాం, తుప్పు పట్టి సగం అయిపోయిన చువ్వలకే కొత్తవి కట్టేస్తుంటారు.

సోలార్_సుబ్బు

సోలార్ చిట్టచివర అన్నారు, సరే, కానీ పైపు ఇప్పుడే వేయించుకోండి, టెర్రస్ నుంచి మీటర్ బోర్డు దాకా ఒక కాండ్యూట్, ఎర్తింగ్‌కి చోటు. తర్వాత గోడలు కొట్టించే బాధ తప్పుద్ది.

పీఎం సూర్యఘర్ అనే కేంద్రం సోలార్ పథకం కింద 1 కిలోవాట్‌కి 30 వేలు, 2 కి 60 వేలు, 3 కిలోవాట్లు ఆపైన ఎంత పెట్టినా 78 వేలే సబ్సిడీ. ప్యానెళ్ళు మన దేశంలో తయారైన డీసీఆర్ రకం అయితేనే వస్తది, కొటేషన్‌లో ఆ ముక్క రాయించుకోండి. కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగులు కావాలి, రోజుకి నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. మూడు పెడితే నెలకి 350 చుట్టుపక్కల. ప్యానెళ్ళ ముఖం దక్షిణానికి. స్ట్రక్చర్ ఎనిమిదడుగుల ఎత్తులో వేయిస్తే కింద శ్లాబుకి నీడ కూడా కలిసొస్తది, కానీ మీరు పైన ఇంకో ఫ్లోరు అంటున్నారు, అప్పుడు విప్పి మళ్ళీ బిగించాలంటే ఖర్చే. కాబట్టి ఇప్పటికి ఫ్యాన్లు బీఎల్‌డీసీ, అంటే కరెంటు తక్కువ తినే మోటారువి తీసుకోండి. పాత ఫ్యాను 75 వాట్లు, ఇది 30. రోజుకి పదిహేను గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకి ఏడాదికి దాదాపు 245 యూనిట్లు మిగులుద్ది, మీ ఇంట్లో ఎన్ని ఫ్యాన్లో మీరే లెక్కేసుకోండి.

పేట_కుర్రోడు

గోడలు ఏఏసీ అనుకుంటున్నా, నాన్నగారిని ఒప్పించడానికి ఆ బ్లాకుతో కట్టిన ఇల్లు ఒకటి చూపిద్దామని, సత్తెనపల్లి వైపు ఎవరిదైనా ఉంటే చెప్పండి. గ్లాసు తీసేసి జాలీ గీయమన్నా, ఎలివేషన్ అతను ఇంకా ఫోన్ ఎత్తట్లేదు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఎటు పెట్టాలి, ప్లాన్‌లో ముందు బాల్కనీ పక్కన చూపించాడు?

గూడెం_అన్న

ముందు వద్దు అన్నా, పడమటి ఎండల కాలుకుంట అది గాలి చల్లగ చెయ్యాల్నంటే కరెంటు ఎక్కువ తింటది. ఉత్తరం దిక్కు పెట్టు, దాని ముంగట గోడ అడ్డం లేకుండ, చెయ్యి పెట్టి కడిగేటట్టు జాగా ఉంచు. రాగి పైపు ఎంత పొట్టిగుంటే అంత మంచిది, కాబట్టి బెడ్రూం లోపల ఏసీ ఏ గోడకొస్తదో ముందు అది ఖాయం చేసుకుని ఎలక్ట్రీషియన్‌కు చెప్పు.