పెరటి కొబ్బరికి తెల్లదోమ: మందు కొట్టాలా, ఒగ్గీయాలా?

నుయ్యి గట్టు
సోంపేట దగ్గర పల్లె మాది. పెరట్లో 2018 తిత్లీ తుపాను తరువాత నాటిన కొబ్బరి చెట్లు మూడున్నాయి. పక్కనే జామ, కరివేపాకు, అరటి, తాగే నుయ్యి. కింది కమ్మల అడుగున సున్నం చిలకరించినట్టు తెల్లగా ఉంది, పై వైపంతా మసి. బట్టలుతికే బండ జిగురు జిగురు. పురుగుమందుల షాపులో ఇమిడాక్లోప్రిడ్ అనే మందు కొట్టమన్నారు. ఊళ్లో పెద్దలేమో ముట్టుకోవద్దు, దానంతటదే పోతుందంటున్నారు. తెలిసినవాళ్లు కారణంతో సహా చెప్పండి.

కవిటి కమ్మ
పెద్దల మాటే వినండమ్మా, ఒగ్గీయండి. ఇది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు బయటపడి, తరువాత కోస్తా అంతా ఎక్కింది. దీన్ని తినే ఎన్‌కార్సియా అనే కందిరీగ కూడా, ఎవరూ తెచ్చి వదలకుండానే, వెనకే కనబడింది. కంటికి ఆనీ ఆననంత చిన్నది. తెల్లదోమ పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది, లోపల పుట్టిన పురుగు దాన్ని తినేసి బయటికొస్తుంది. మీరు మందు కొడితే ముందు చచ్చేది ఈ కందిరీగే. తెల్లదోమ మైనం కింద దాక్కుని బతుకుతుంది, నెలా నెలన్నరకి మళ్లీ అంతకంత అవుతుంది.

స్ప్రేయర్ బాబాయ్
ఒగ్గీయమని చెప్పడం తేలికే. పాతిక ఎకరాల తోటకి ఆ మాట సరే, ఇంటి పెరడుకి కాదు. చెట్టు ఇప్పుడిప్పుడే కాపుకొస్తోంది. కమ్మలు నల్లబడితే ఎండ అందదు, పూత తగ్గుతుంది. పైగా ఇవి పొట్టి చెట్లు, నేల మీద నిలబడి అడుగు వైపు తడపొచ్చు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం లీటరుకి 0.3 మి.లీ., అంటే పది లీటర్లకి 3 మి.లీ., ఒక్క దఫా చాలు. లేకపోతే వేరు ద్వారా ఎక్కించొచ్చు.

కవిటి కమ్మ
బాబాయ్, ఒక్క దఫా ఎలా చాలుతుంది? గుడ్డు, పిల్ల, పెద్ద పురుగు అన్నీ ఒకే ఆకు మీద ఒకేసారి ఉంటాయి. ముదిరిన పిల్లల మీద మైనం దట్టంగా కట్టి ఉంటుంది, ద్రావణం దాని మీంచి జారిపోతుంది. రెండో దఫా, మూడో దఫా తప్పవు. ఇక వేరుకి పెట్టడం మరీ దారుణం. కొబ్బరికి ఒకే పంట కాలమంటూ లేదు. చెట్టు మీద పూత, పిందె, బోండం, ముదురు కాయ ఎప్పుడూ కలిసే ఉంటాయి. మందు పెట్టాక ఇన్నాళ్లు కాయ దింపకూడదంటే ఆ ఇంట్లో పిల్లలు బోండం కొట్టుకోకుండా కాపలా ఎవరు కాస్తారు? పక్కనే తాగే నుయ్యి. పూతకి వచ్చే తేనెటీగల సంగతి సరేసరి.

చంపావతి మిద్దె
విజయనగరం నుంచి. ఇమిడాక్లోప్రిడ్ వద్దన్నంత వరకు నేను కవిటి గారి పక్షమే. కానీ చేతులు కట్టుకుని కూచోవడం కూడా వైద్యం కాదు. మందు లేకుండా చేసే పనులు చాలా ఉన్నాయి. మొదటిది నీళ్లు. అర హార్స్‌పవర్ మోటారు ఉన్నా చాలు, పైపు మూతి నొక్కి కింది నుంచి పైకి, కమ్మ అడుగున బలంగా కొట్టండి. పొద్దున్నే కొడితే మధ్యాహ్నానికి ఆకు ఆరిపోతుంది. వారానికి రెండుసార్లు. పెద్ద పురుగులు చెదురుతాయి, గుడ్ల చుట్టలు, మైనం, జిగురు కొట్టుకుపోతాయి. జోరు వానలు పడ్డాక ఈ పురుగు ఎందుకు తగ్గుతుందనుకున్నారు? అదే పని మనం ఎండాకాలంలో చేస్తున్నామంతే.

మసికి ఏ తెగులు మందూ వద్దు. అది ఆకు లోపలికి దిగే తెగులు కాదు, పురుగు వదిలిన తీపి జిగురు మీద పెరిగే బూజు. గంజి చాలు. లీటరుకి 10 గ్రాముల మైదా లెక్కన, ముందు కొద్ది నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఉడకబెట్టి, చల్లార్చి, పల్చని గుడ్డలో వడకట్టి మిగతా నీళ్లు కలపాలి. వడకట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది. ఎండ బాగా కాసే రోజున కమ్మల పై వైపు కొట్టాలి. ఎండేకొద్దీ గంజి పొరతో పాటు మసి కూడా పెచ్చులుగా లేచి రాలుతుంది. మబ్బు రోజున కొడితే పొర లేవదు, ఆ గంజి మీదే ఇంకో బూజు పడుతుంది.

స్ప్రేయర్ బాబాయ్
గంజికి అడ్డు చెప్పను. కానీ జిగురు కారుతున్నంత కాలం మసి మళ్లీ కడుతుంది. పురుగు మాటేమిటి?

చంపావతి మిద్దె
వేపనూనె. కొబ్బరికి లీటరుకి 10 మి.లీ. నూనె, 10 గ్రాముల సబ్బుపొడి అని అందరూ చెప్పే లెక్క. చాలామంది నూనెని తిన్నగా నీళ్లలో పోసేస్తారు, అది పైకి తేలుతుంది. ట్యాంకులో మొదట వచ్చేది ఉత్త నీళ్లు, చివర వచ్చేది ఉత్త నూనె, ఆఖరి చెట్టు ఆకు మాడిపోతుంది. సబ్బుపొడిని గోరువెచ్చని నీళ్లలో కరిగించి, అందులో నూనె పోసి, పాలలా తెల్లబడేదాకా చిలికి, అప్పుడు నీళ్లు కలపాలి. కలిపినది ఆ పూటే వాడేయాలి. సాయంత్రం పూటే కొట్టాలి.

కవిటి కమ్మ
ఆ లెక్క కొబ్బరికే. జామ లేత చిగురుకీ, కరివేపాకుకీ వద్దు, అంచులు మాడతాయి. వాటికి నూనె 5 మి.లీ., బట్టల సబ్బుపొడి బదులు కుంకుడు రసం. ముందు ఒక్క కొమ్మకి కొట్టి రెండు రోజులు చూడండి. కరివేపాకైతే అసలు అక్కర్లేదు, నడుముకి కత్తిరించేస్తే కొత్త చిగురు వస్తుంది. వేపనూనె కూడా కందిరీగకి పూర్తిగా మంచిదేం కాదు, నల్లబడిన పిల్లలున్న కమ్మల జోలికి దాంతో పోవద్దు.

భూతద్దం
ఇంత వాదించారు గానీ ఆకు తిప్పి చూసి చెప్పమని ఒక్కరూ ఆవిడని అడగలేదు. కింది నుంచి నాలుగైదో కమ్మలో ఒక ఆకు తెంపి, మైనాన్ని మెత్తని బ్రష్‌తో దులిపి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టండి. ఖాళీ పెంకులు కనబడతాయి. పెంకు మీద టీ అక్షరంలా చీలిక ఉంటే అందులోంచి తెల్లదోమే ఎగిరిపోయింది. గుండ్రని కన్నం ఉంటే కందిరీగ కొరుక్కుని వచ్చింది. ఇంకా చీలని పిల్లలు నల్లగా ఉంటే వాటిలో కందిరీగ ఉంది. నూరు పెంకులు లెక్కపెట్టండి. నలుపూ గుండ్రని కన్నాలూ సగం దాటితే కవిటి గారి మాటే. పదీ పరకా ఉంటే నీళ్లూ వేపనూనే.

ఇంకో సంగతి. ఇప్పుడు కొబ్బరి మీద ఉన్నది ఒకే తెల్లదోమ కాదు. బోండార్ గూటి తెల్లదోమ అని రెండోది ఉంది. సర్పిలాకారపుది రెండున్నర మిల్లీమీటర్లుంటే ఇది అందులో సగం కూడా ఉండదు. రెక్కల మీద ఇంటూ గుర్తులా ముదురు చారలు, చుట్టూ దూదిలాంటి మైనపు గూడు, మధ్యలో కదలకుండా కూచుంటుంది. ఎన్‌కార్సియా దీని జోలికి పోదు. ఇది ఎక్కువున్న చెట్టు దగ్గర "ఒగ్గీయండి" అనే సలహా పని చెయ్యదు.

నుయ్యి గట్టు
చూశాను. మూడింటిలో రెండు చెట్లకి నల్లవీ గుండ్రని కన్నాలవీ సగం పైనే. నుయ్యి పక్కన చెట్టుకి మాత్రం చాలా తక్కువ, గూళ్లు కూడా ఉన్నాయి. నల్లబడ్డ కమ్మలు నరికి కాల్చేయమని కూలీ అంటున్నాడు.

కవిటి కమ్మ
కాల్చొద్దు! కందిరీగలు ఉన్నదే ఆ ముదురు కమ్మల్లో. పచ్చి కమ్మ నరికితే దాని మొదట్లో వచ్చే గెల కూడా నష్టమే. ఎండి వేలాడేవి తీసినా వారం పది రోజులు చెట్టు మొదట్లోనే పడి ఉండనివ్వండి. ఆ రెండు చెట్ల నుంచి నల్ల పిల్లలున్న ఆకుల్ని జానెడు ముక్కలుగా కోసి, మూడో చెట్టు కమ్మల అడుగున స్టేప్లర్‌తో కుట్టండి. తెల్లదోమ లేని చెట్టుకి మాత్రం కట్టొద్దు, కొత్తగా అంటించినట్టవుతుంది.

భూతద్దం
గూళ్లున్న మూడో చెట్టుకి వారం పాటు నీళ్లు కొట్టి, వేపనూనె ఒక దఫా కొట్టి, నాలుగైదు రోజులాగి అప్పుడు ముక్కలు కుట్టండి. ముందు కుట్టి తరువాత నూనె కొడితే చేసిందంతా వృథా. తెల్లదోమని చంపే ఇసేరియా అనే బూజు పొడి దొరికితే లీటరుకి 5 గ్రాములు, సాయంత్రం, గాలిలో తేమ ఉన్న రోజుల్లో. మే ఎండల్లో దండగ. దాని ముందూ వెనకా రాగి మందులు కొట్టొద్దు, ఆ బూజు కూడా చచ్చిపోతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఇలాంటి మిత్రజీవుల మీదే పనిచేస్తోంది, ఉద్యాన శాఖ వాళ్లని అడిగి చూడండి.

స్ప్రేయర్ బాబాయ్
సరే, ఇమిడా మాట వెనక్కి తీసుకోను గానీ ఈ ఇంటికి వద్దనే అంటాను, నుయ్యి ఉంది కాబట్టి. ఎరువు మాట ఎవరూ ఎత్తలేదేం? ఎదిగిన చెట్టుకి ఏడాదికి కిలో యూరియా, రెండు కిలోల సూపర్ ఫాస్ఫేట్, రెండు కిలోల పొటాష్, రెండు సగాలుగా, చెట్టు నుంచి ఐదారు అడుగుల దూరంలో గుండ్రంగా పాదు తీసి వేయాలి. ఉద్దానం ఇసక నేలలో పొటాష్ వేయకుండా పురుగుని తిట్టి లాభం లేదు. పసుపు అట్టలు కూడా కట్టండి, పురుగు అంటుకునేలా ఆముదం పూసి.

చంపావతి మిద్దె
పసుపు అట్టలు మూడో చెట్టుకే, అదీ నీళ్లు కొట్టే వారం మాత్రమే. ఆకు ముక్కలు కుట్టే ముందు విప్పేయాలి, కందిరీగ కూడా దానికే అంటుకుంటుంది.

స్ప్రేయర్ బాబాయ్
మానుకి నడుమెత్తులో కడితే పైన కమ్మల్లో తిరిగే కందిరీగ కిందికెందుకు వస్తుందమ్మా?

చంపావతి మిద్దె
ఆ చెట్టు కమ్మలే నడుమెత్తుకి వేలాడుతున్నాయి కదండీ. అవి తిత్లీ తరువాత నాటిన మొక్కలు.