512 జీబీ ఎస్ఎస్‌డీలో విండోస్ పక్కన డెబియన్: దేనికెంత చోటు ఇవ్వాలి?

కొత్తకెర్నెల్ (ప్రశ్న)

ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్. యూఈఎఫ్ఐ బూట్ (పాత బయోస్‌కు బదులు వచ్చిన పద్ధతి), జీపీటీ పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లో ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక). ప్రస్తుతం డిస్కంతా విండోస్ 11 చేతిలో ఉంది, అందులో నిజంగా నిండింది 120 జీబీ. సీ డ్రైవ్‌ను 200కు కుదించి, మిగతాది డెబియన్ 13 లినక్స్‌కి ఇద్దామని. పని ఎక్కువగా డాకర్‌తో (ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపే సాధనం). హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నది డిస్క్‌లో దాచి ఆపేయడం) కూడా కావాలి.

అనుకున్న పార్టిషన్ల లెక్క: /బూట్ 300 ఎంబీ, రూట్ (సిస్టమ్ ఉండే చోటు) 20 జీబీ, /వార్ (సిస్టమ్, ప్రోగ్రాములు దాచుకునే డేటా) 10, /టెంప్ (తాత్కాలిక ఫైళ్లు) 5, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు, హైబర్నేట్‌కు వాడే డిస్క్ చోటు) 32, మిగిలిందంతా /హోమ్ (సొంత ఫైళ్లు). ఇది సరిపోతుందా? ఇంకొకటి, 512 కొంటే 476 అనే చూపిస్తోంది. మిగతాది ఎక్కడికి పోయింది?

తెరమీదిగీత

ముందు చిన్నది. ఎక్కడికీ పోలేదండి. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. అవే బైట్లు, కొలత వేరు.

ఇక మీ లెక్కలో అసలు చిక్కు /వార్. డాకర్ ఇమేజ్‌లు (కంటైనర్లకు మూలమైన ఫైళ్లు), వాల్యూమ్‌లు (వాటి డేటా) /వార్/లిబ్ కిందికి వెళ్తాయి. ఆప్ట్ (డెబియన్‌లో ప్రోగ్రాములు ఎక్కించే కమాండ్) దించే ప్యాకేజీలు, సిస్టమ్ లాగ్‌లు, డేటాబేస్ పెట్టుకుంటే దాని ఫైళ్లు కూడా /వార్‌లోనే. నాలుగు పెద్ద ఇమేజ్‌లకే 10 జీబీ అయిపోతుంది. అది నిండిన రోజున అప్‌డేట్ మధ్యలో ఆగుతుంది, పక్కనే /హోమ్‌లో 180 జీబీ ఖాళీగా ఉన్నా ఒక్క బైటూ అక్కరకు రాదు. డిస్క్‌లో చోటు లేక కాదు, మనం కట్టిన గోడ వల్ల. సొంత ల్యాప్‌టాప్‌లో /వార్‌ను రూట్‌లోనే ఉంచి రూట్‌కు 80 జీబీ ఇవ్వండి.

/టెంప్‌కు పార్టిషన్ అక్కర్లేదు. డెబియన్ 13లో అది మామూలుగా ర్యామ్‌లోనే ఉంటుంది, సగం ర్యామ్ దాకా వాడుకుంటుంది.

/బూట్‌కు 300 ఎంబీ మరీ ఇరుకు. కెర్నెల్‌తో (సిస్టమ్ గుండెకాయ) పాటు, బూట్ మొదట్లో దానికి కావాల్సినవి మోసే ఇనిట్‌ర్డ్ ఫైల్ కూడా అక్కడే ఉంటుంది. గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్ చేరితే ఆ ఫైలొక్కటే 100 ఎంబీ దాటగలదు. అప్‌డేట్‌లో పాతది తీసేయకముందే కొత్తది రాస్తుంది కాబట్టి, కాసేపు రెండు మూడు కెర్నెల్‌లకు చోటు ఉండాలి. లేకపోతే ఇనిట్‌ర్డ్ సగంలో ఆగి, ప్యాకేజీ అరకొరగా ఉండిపోతుంది. 1 జీబీ ఇవ్వండి.

ర్యామ్‌కు రెట్టింపు స్వాప్ అన్నది ర్యామ్ తక్కువగా ఉన్న కాలపు లెక్క. 16 జీబీ ర్యామ్‌తో హైబర్నేట్ కావాలంటే 20 చాలు. అయితే సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సిస్టమ్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే డెబియన్ కెర్నెల్ హైబర్నేట్‌ను అసలు ఒప్పుకోదు. సెక్యూర్ బూట్‌ను ఆపే ఉద్దేశం లేకపోతే 20 దండగ, 4 జీబీ పెట్టుకోండి.

నీలిమీట

పై లెక్కతో ఏకీభవిస్తాను. కానీ విండోస్ వైపు పని ముందు పూర్తి కావాలి, అదీ విండోస్‌లోంచే.

బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉందేమో చూసి రికవరీ కీని వేరేచోట రాసి పెట్టుకోండి. సెక్యూర్ బూట్ మార్చినా ఆ కీ అడుగుతుంది, కీ లేకపోతే డేటా పోయినట్టే. బ్యాకప్ సంగతి చెప్పనక్కర్లేదు. తర్వాత ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ డ్రైవ్‌లో లినక్స్ నుంచి రాయడం కుదరదు.

ఆ తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. అక్కడ అడిగేది ఎంబీల్లో, అదీ ఎంత తగ్గించాలో, ఎంత మిగలాలో కాదు. 270 జీబీ కావాలంటే 276480 కొట్టండి. అంత ఇవ్వనంటే డ్రైవ్ మధ్యలో కదలని ఫైళ్లున్నాయన్నమాట: పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు. మూడింటినీ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

కొత్తకెర్నెల్

చాలా ఉపయోగపడిందండి. విండోస్ ఈఎఫ్ఐ పార్టిషన్ 100 ఎంబీయే, పెంచాలా? రూట్‌కు 80 ఇచ్చాక అదీ చాలకపోతే?

తెరమీదిగీత

పెంచక్కర్లేదు. మీ కెర్నెల్‌లు /బూట్‌లో ఉంటాయి, ఈఎఫ్ఐలోకి వెళ్లేది గ్రబ్ (ఏ సిస్టమ్ బూట్ కావాలో అడిగే ప్రోగ్రాం), దాని తోడు ఫైళ్లు మాత్రమే, కొన్ని ఎంబీలు. దాన్ని ఫార్మాట్ మాత్రం చేయొద్దు, విండోస్ బూట్ అందులోనే ఉంది. ఇన్‌స్టాలర్ జాబితాలో ఆ వరుస పక్కన ఇంగ్లిష్ కే అక్షరం ఉంటే ఉన్నది ఉంచుతుంది, పెద్ద ఎఫ్ ఉంటే తుడిచేస్తుంది. మార్పులు రాయమనే ముందు ఆ అక్షరం చూడండి.

చాలకపోతే అన్నదానికి మందు ఎల్‌వీఎం: డిస్క్ చోటును ఒక కుప్పగా చేసి, ముక్కలను తర్వాత కూడా పెంచుకోనిచ్చే పద్ధతి. ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్లకు మాన్యువల్ ఎంచుకోండి. గైడెడ్‌లో ఎల్‌వీఎం అని ఉన్నవి మొత్తం డిస్క్‌ను వాడుకుంటాయి, విండోస్ పోతుంది. ఖాళీ చోటులో 1 జీబీ /బూట్, మిగతా 269ని ఎల్‌వీఎం ఫిజికల్ వాల్యూమ్‌గా పెట్టి, దాని మీద వాల్యూమ్ గ్రూప్ చేయండి. అందులో రూట్ 80, స్వాప్ 20, /హోమ్ 120. మిగిలే 49 జీబీని ఎవరికీ పంచకుండా వదిలేయండి. ఈ వదిలేయడమే ముఖ్యం. ఎక్స్‌టీ4ను (డెబియన్ మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్) సిస్టమ్ నడుస్తుండగానే పెంచవచ్చు. ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్‌కు చిన్న ఆర్ ఆప్షన్ తగిలిస్తే ఫైల్‌సిస్టమ్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. తగ్గించాలంటే మాత్రం అన్‌మౌంట్ చేయాలి, రూట్ అయితే లైవ్ యూఎస్‌బీ నుంచే. అందుకే మొదట తక్కువ ఇచ్చి, తర్వాత పెంచుకోవాలి.

ఎక్స్ఎఫ్ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్ వైపు మొగ్గేట్టుంటే, మామూలు వాడకంలో దాన్ని పెంచగలం గానీ కుదించలేమని గుర్తుంచుకోండి.

నీలిమీట

ఒకటి చేరుస్తాను. ఎక్స్‌టీ4 ప్రతి ఫైల్‌సిస్టమ్‌లో 5 శాతాన్ని రూట్ యూజర్ (అన్ని హక్కులున్న అడ్మిన్ ఖాతా) కోసం పక్కన పెడుతుంది. 120 జీబీ /హోమ్‌లో అది 6 జీబీ. ట్యూన్‌2ఎఫ్ఎస్ కమాండ్‌తో /హోమ్‌కు ఒక శాతానికి దించితే 4.8 జీబీ వెనక్కి వస్తుంది. రూట్ పార్టిషన్ జోలికి వెళ్లొద్దు. డాకర్ మామూలుగా రూట్ హక్కులతోనే రాస్తుంది కాబట్టి ఆ 5 శాతం దాన్ని ఆపదు గానీ, మీ సొంత ప్రోగ్రాములు డిస్క్ నింపినప్పుడు లాగిన్ అయి చెత్త తీయడానికి మిగిలే చోటు అదే.