ఈ వారం సమస్య: పాట పాడిన వారికై పడియె తలలు

నిర్వాహకుడు: బహమనీ, విజయనగర యుద్ధాల గురించి చదువుతుంటే తట్టిన పాదం. వలపు పాటల జోలికి పోకండి, యుద్ధం మీదే పూరించాలి.

గోదారిగట్టు:
కొలువు కూటాన మెచ్చిన కూర్మి కొలది
బుక్కరాయలపై చీటి పుట్టెనంట
గాడిదను దూత నెక్కించి గరువ మణచె
పాట పాడిన వారికై పడియె తలలు

1366 నాటి గొడవ. ఢిల్లీ నుంచి వచ్చిన పాటగాళ్ళకు బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షా బహుమానం ప్రకటించి, ఆ సొమ్ము విజయనగర రాజు బుక్కరాయల ఖజానా ఇవ్వాలని చీటి రాయించాడు. తెచ్చినవాణ్ణి గాడిద మీద ఊరేగించి పంపారు.

పాత పంతులు: నడక బాగుంది. గరువం అణచింది ఎవరు స్వామీ? బుక్కరాయలు రెండో పాదంలోనే ఆగిపోయాడు, మూడో పాదానికి కర్త లేడు. అయినా మీ పద్యాల్లో రాజులు తప్పిపోవడం కొత్తేం కాదు. మొన్న తళ్ళికోట సమస్యకు కృష్ణదేవరాయల్ని యుద్ధానికి దింపారు. ఆయన పోయింది 1529లో, యుద్ధం జరిగింది 1565లో!

గోదారిగట్టు: అది ఆత్మ అని అప్పుడే చెప్పాను. ఆ యుద్ధం నడిపిన అళియ రామరాయల వెనక ఆవహించి ఉంది. సరే, మీ పూరణం చూపించండి.

పాత పంతులు:
కోట యొక్కటి కూలిన కోపమునకు
లక్ష తలలని సుల్తాను శపథమాడె
చీటి చెల్లెను చివరికి చేటు మిగిలె
పాట పాడిన వారికై పడియె తలలు

కోట అంటే ముద్గల్, బహమనీలది. అక్కడ అందరూ చచ్చాక ఒక్కడు తప్పించుకుని కబురు తెస్తే, తోటివాళ్ళంతా పోయాక నువ్వెలా బతికావంటూ సుల్తాను వాణ్ణీ చంపించాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు.

గోదారిగట్టు: ఆహా! పంతులుగారి రెండో పాదం చూశారా? పాదం మొదటి అక్షరం ల-కి, మధ్యలో శ-కి యతి ఏ ఛందస్సులో కలుస్తుంది? మాకు కర్త లేడు, మీకు యతే లేదు.

మంజీర: కొట్టుకోకండి మాస్టార్లూ. "శతసహస్రము తలలని శపథమాడె" అంటే సరి. లెక్క మారదు, యతి పడుతుంది. మూడో పాదం మాత్రం ఎంత బాగుందో! అంతా అయ్యాక ఆ చీటి సొమ్ము చెల్లించి సంధి చేసుకున్నారు. అదేదో ముందే ఇచ్చి ఉంటే? ఆయుధం పట్టనివాళ్ళను ఇకమీద చంపకూడదన్న ఒప్పందమూ అప్పుడే కుదిరిందంటారు. దాని మీద ఒక్కరూ రాయలేదు. ఓరుగల్లు కాపయ నాయకుడు ఆ సుల్తానుకు పంపిన ఫిరోజా సింహాసనమైనా ఎవరికీ గుర్తు రాలేదు, మా తెలంగాణ సొమ్ము కదా!

పాత పంతులు: సవరణ బాగుందమ్మా. నేనూ అదే రాద్దామనుకున్నాను.

గోదారిగట్టు: అనుకున్నారట!

మంజీర: నాదీ ఒకటి.
కృష్ణ తుంగల మధ్యన కెంపు నేల
వేలమై పోయె నిద్దరు వీరులకును
హెచ్చు పాటకు సైనికు లిచ్చి రుసురు
పాట పాడిన వారికై పడియె తలలు

నిర్వాహకుడు: వేలం పాట! ఈ వారానికి ఇదే. కృష్ణా తుంగభద్రల నడుమ నేల, అదే రాయచూరు అంతర్వేది కోసం రెండు రాజ్యాలూ తరాల తరబడి పాట పెంచుకుంటూ పోయాయి. 'హెచ్చు, ఇచ్చి' అని రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా హాయిగా పడింది.

పాత పంతులు: చమత్కారం ఒప్పుకుంటాను. కానీ వేలంలో పాడినవాడు సొమ్ము తన జేబులోంచి తీయాలి. ఇక్కడ ఇద్దరూ పక్కవాడి ప్రాణం తీసి కట్టారు.

మంజీర: పద్యం చెప్పేదీ అదే కదండీ.

గోదారిగట్టు: పంతులుగారికి వేలం అర్థమయ్యేసరికి అంతర్వేది ఆదిల్‌షాహీల చేతికి పోయింది. వచ్చే వారం 1520 రాయచూరు యుద్ధం ఇవ్వండి. అక్కడ కృష్ణదేవరాయలు నిజంగానే ఉన్నాడు, ఎవరూ వంక పెట్టలేరు.

నిర్వాహకుడు: ఇస్తాను, కందంలో. గణాలు లెక్కపెట్టుకుని రండి.