నిర్జన దీవిలో ఒంటరిగా చిక్కుకుంటే: అక్కడే ఉండాలా, తెప్ప కట్టుకుని బయలుదేరాలా?

గాలివాటం:
ఉష్ణమండల సముద్రంలో ఓ చిన్న దీవి. మీరొక్కరే. మీ దగ్గర ఓ కత్తి తప్ప ఏమీ లేదు. మీరు అక్కడున్నట్టు బయట ఎవరికీ తెలియదు. ఏం చేస్తారు?

నేనైతే తెప్ప కడతాను. ఎవరికీ తెలియని మనిషి కోసం ఎవరూ రారు. ఒంట్లో సత్తువ ఉండగానే, మొదటి పది రోజుల్లోనే బయటపడాలి. కూర్చునే కొద్దీ నీరసం పెరుగుతుంది, ధైర్యం తరుగుతుంది. 1789లో బౌంటీ అనే ఓడ కెప్టెన్ విలియం బ్లైని, మరో 18 మందిని ఓడలోని తిరుగుబాటుదారులు నడిసముద్రంలో చిన్న పడవలో వదిలేశారు. 47 రోజుల్లో దాదాపు 6,700 కిలోమీటర్లు దాటి టిమోర్ చేరారు. దారిలో పోయింది ఒక్కడే, అదీ సముద్రం మీద కాదు. మొదట్లో దిగిన దీవిలో అక్కడివాళ్ళ చేతిలో పోయాడు.

ఓడమనిషి:
గాలివాటం గారూ, బ్లై ఎక్కింది తెప్ప కాదండి. ఏడు మీటర్ల పొడవున్న పడవ. తెరచాపలు, తెడ్లు, దిక్సూచి, సూర్యుడి ఎత్తు కొలిచి ఎక్కడున్నామో తెలుసుకునే క్వాడ్రంట్ ఉన్నాయి. పైగా ఆయన ఆరితేరిన నావికుడు. దుంగల తెప్పని మీరు నడపరు, అదే మిమ్మల్ని తీసుకుపోతుంది. ఉష్ణమండలంలో వ్యాపార పవనాలు వీచేది తూర్పు నుంచి పడమరకి. ప్రవాహాలూ ఎక్కువగా అంతే. దగ్గరి ఒడ్డు తూర్పున ఉందంటే మీ కష్టమంతా నీళ్ళపాలే.

నేను పన్నెండేళ్ళు సరుకు ఓడల్లో పనిచేశాను. అలలు కాస్త లేచిన రోజున, రెండు మైళ్ళ దూరంలో ఉన్న చిన్న పడవే ఓడని నడిపే పై గది (బ్రిడ్జి) నుంచి కంటికి ఆనదు. నీటికి అడుగెత్తున తేలే తెప్పని ఎవరు చూస్తారు? దీవి అలా కాదు, మ్యాపులో ఉంటుంది, కదలదు. 2024 ఏప్రిల్‌లో మైక్రోనేషియాలో పికెలాట్ అనే బుల్లి దీవిలో చిక్కుకున్న ముగ్గురు ఒడ్డున ఆకుమట్టలతో ‘హెల్ప్’ అని పేర్చారు. విమానం చూసింది, బయటపడ్డారు. అంతకుముందు 2020లో అదే దీవిలో మరో ముగ్గురిని ఇసుకలో రాసిన ‘ఎస్ఓఎస్’ కాపాడింది.

గాలివాటం:
ఆ ముగ్గురి కోసం అప్పటికే వెతుకుతున్నారు కదండీ. నా ప్రశ్నలో వెతికేవాళ్ళే లేరు. సముద్రం మీద బతకలేమనడం కూడా సరికాదు. అల్వరెంగా అనే జాలరి 2012 నవంబరులో మెక్సికో తీరం నుంచి కొట్టుకుపోయి 438 రోజులు బతికాడు. 2014 జనవరిలో మార్షల్ దీవుల్లో ఒడ్డెక్కాడు.

ఓడమనిషి:
ఎక్కాడు, నిజమే. ఆయనతో బయలుదేరిన కుర్రాడు మాత్రం దారిలోనే పోయాడు. ఆయన కింద ఉన్నదీ ఫైబర్‌గ్లాస్ పడవే, తెప్ప కాదు. కొట్టుకుపోయిన దిక్కు చూడండి, పడమరే. ఆయన ఎంచుకున్న దారి కాదది.

మంచినీళ్ళు:
ఉండాలా వెళ్ళాలా అని మీరు తేల్చుకునేలోపే నీళ్ళు తేల్చేస్తాయి. ఆ ఎండలో చుక్క నీరు లేకుండా మూడు రోజులు గడవడమే కష్టం. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పుని బయటికి నెట్టడానికి మూత్రపిండాలు మీరు తాగినదానికన్నా ఎక్కువ నీటిని ఖర్చుపెడతాయి. ‘కొద్దికొద్దిగా తాగితే ఏం కాదు’ అనేవాళ్ళని దయచేసి నమ్మకండి.

అట్లాంటిక్‌లో అసెన్షన్ దీవి సంగతి చెప్తాను. 1701లో ఇంగ్లిష్ నావికుడు డాంపియర్ ఓడ రోబక్ అక్కడ మునిగితే, ఆయన మనుషులు కొండవైపు నడిచి ఊట కనిపెట్టారు. ఓడలు వచ్చేదాకా వారాల తరబడి దాని మీదే బతికారు. 1725లో హాసెన్‌బోష్ అనే డచ్చి ఉద్యోగిని శిక్షగా అదే దీవిలో ఒంటరిగా దింపేశారు. అతను రాసుకున్న డైరీ మిగిలింది. ముందు దొరికిన నీరు ఎండిపోయింది. తర్వాత తాబేళ్ళ నెత్తురు తాగాడు, తన మూత్రం తాగాడు. మేలో మొదలైన డైరీ అక్టోబరులో ఆగిపోయింది. డాంపియర్ మనుషుల్ని బతికించిన దీవే అది. నాకు అది చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. కాబట్టి మొదటి రోజు మీ సత్తువంతా దుంగల మీద కాదు, నీటి వేట మీద పెట్టండి.

కొండలున్న దీవైతే వాగుల జాడలు పట్టుకుని పైకి వెళ్ళాలి. పగడపు దీవైతే పోటు నీరు చేరని చోట, ఇసుక మిట్ట వెనక గుంట తవ్వాలి. ఇంకిన వాన నీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి దాని మీద పొరలా తేలుతుంది. గుంటలో మొదట ఊరిన పైనీళ్ళే తోడుకోండి, లోతుకి పోతే ఉప్పు తగులుతుంది. మరీ చిన్న దిబ్బల్లో ఈ పొర నిలవదు, అక్కడ వానే దిక్కు. లేత బొండాలు ఆదుకుంటాయి. ముదురు కాయల నీళ్ళే అదేపనిగా తాగితే విరేచనాలు పట్టుకుని ఒంట్లో ఉన్న నీరూ పోతుంది. చెట్టు మాత్రం ఎక్కకండి. జారిపడి కాలు విరిగితే, ఒంటరి మనిషికి నీళ్ళు తెచ్చిచ్చేవాళ్ళుండరు.

సాగరిక:
కాలు మాట మంచినీళ్ళు గారు ఊరికే అనలేదు. టామ్ నీల్ 1952లో కుక్ దీవుల్లోని సువారోకి తనంతట తానే వెళ్ళి ఒంటరిగా ఉన్నాడు. పనిముట్లున్నాయి, తోట వేసుకున్నాడు, కోళ్ళున్నాయి. 1954లో ఓ రోజు నడుం పట్టేసి కదల్లేక మంచాన పడ్డాడు. అనుకోకుండా అటువైపు వచ్చిన పడవవాళ్ళు కాపాడారు. ఆ పడవ రాకపోతే అంత ఏర్పాటూ దండగే అయ్యేది.

తిండి కోసం అంత భయపడక్కర్లేదు, ఆకలికి వారాలు తట్టుకుంటాం. 1723లో సముద్రపు దొంగల నుంచి తప్పించుకుని హోండురాస్ దగ్గరి రోవటాన్ దీవిలో దాక్కున్న ఫిలిప్ ఆష్టన్ దగ్గర కత్తి లేదు, నిప్పు లేదు. పండ్లు, పచ్చి తాబేలు గుడ్లు తిని నెలలు గడిపాడు. పగడపు గట్ల దగ్గర దొరికే పెద్ద చేపలతో మాత్రం జాగ్రత్త. కొన్నిటిలో సిగ్వటెరా విషం ఉంటుంది, ఎంత ఉడికించినా పోదు. చిన్న చేపలే మేలు.

గాలివాటం:
సాగరిక గారూ, మీరు చెప్పింది నా వైపు సాక్ష్యమే. నడుం ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టే నడుం బాగున్నప్పుడే వెళ్ళాలంటున్నాను.

తీరవాసి:
ఈ వాదనకి సరిగ్గా సరిపోయే ఉదంతం ఒకటుంది. 1820 నవంబరులో ఎసెక్స్ అనే ఓడని పసిఫిక్‌లో తిమింగలం ముంచేసింది. 20 మంది మూడు పడవల్లో నెల తర్వాత హెండర్సన్ దీవి చేరారు. అక్కడ ఊట ఉంది కానీ అది ఆటు సమయంలోనే బయటపడేది. వారంలోనే తిండి కరువైంది. 17 మంది మళ్ళీ సముద్రమెక్కారు. ముగ్గురు ఉండిపోయారు. వెళ్ళినవాళ్ళలో బతికింది ఐదుగురే, అదీ చనిపోయిన తోటివాళ్ళని తిని. ఒక పడవ ఏమైందో కూడా తెలియదు. ఉండిపోయిన ముగ్గురూ 1821 ఏప్రిల్‌లో ప్రాణాలతో దొరికారు.

గాలివాటం:
తీరవాసి గారూ, సగమే చెప్పారు. ఆ ముగ్గురి కోసం ఓడ ఎలా వచ్చింది? బతికి ఒడ్డు చేరిన ఆ ఐదుగురు చెప్తేనే కదా! అందరూ ఉండిపోతే అందరూ పోయేవాళ్ళు.

తీరవాసి:
ఒప్పుకుంటాను, నేను దాటేశాను. అయితే మిగతాది కూడా వినండి. వాళ్ళు దిగింది డ్యూసీ దీవి అనుకుని, ఆ పేరే చెప్పారు. ఓడ ముందు డ్యూసీకి వెళ్ళింది, ఎవరూ లేరు. వెతుక్కుంటూ హెండర్సన్‌కి వచ్చింది. ముగ్గురూ విడిచిన చోటే ఉన్నారు కాబట్టి దొరికారు. మీ ప్రశ్నలో మనిషి ఒక్కడే. ఒకడు కబురు మోసి, ఇంకొకడు ఒడ్డున ఎదురుచూడటం కుదరదు. తెప్ప మీద పోయే 17 మందీ మీరే అవుతారు.

గాలివాటం:
ఇది నన్ను ఆలోచనలో పడేసింది. అయినా ఒక సందేహం. అలా ఎన్నాళ్ళు? హిందూ మహాసముద్రంలోని ట్రోమెలిన్ దీవి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1761లో ఓడ బద్దలయ్యాక ఫ్రెంచివాళ్ళు పడవ కట్టుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ వస్తామని మాటిచ్చి, బానిసలుగా తెచ్చిన దాదాపు 60 మంది మడగాస్కర్ మనుషుల్ని అక్కడే వదిలేశారు. 1776లో ఓడ వచ్చేసరికి మిగిలింది ఏడుగురు ఆడవాళ్ళు, ఒక పసిబిడ్డ. వాళ్ళున్నారని తెలిసి కూడా పదిహేనేళ్ళు!

సాగరిక:
వాళ్ళని తలుచుకుంటే నాకూ ఒళ్ళు మండుతుంది. అది దీవి చేసిన ద్రోహం కాదు. ఆ ఏడుగురు మాత్రం పగడపు రాళ్ళతో కట్టుకున్న గోడల మధ్య నిలబడ్డారు.

ఓడమనిషి:
‘ఎన్నాళ్ళు’ అనే ప్రశ్నని ‘ఎంత దూరం కనిపిస్తారు’ అని మార్చుకోండి. ఒడ్డున నిలబడితే మీ చూపు 5 కిలోమీటర్ల దాకా ఆనుతుంది. 30 మీటర్ల మిట్ట ఎక్కితే 20 కిలోమీటర్ల దాకా. ఆ మిట్ట మీద త్రికోణంగా మూడు మంటలు పేర్చి ఉంచండి, మూడు మంటలంటే ఆపద గుర్తు. పక్కనే పచ్చి ఆకులు, పగలు పొగ కోసం. నిప్పుకి అరణిలా రాపిడే దారి. చేతులు బొబ్బలెక్కుతాయి, రోజులు పట్టొచ్చు. ఒకసారి పుట్టాక ఆరనివ్వకండి.

గాలివాటం:
సరే. నడిసముద్రం మీదికి వెళ్ళను. కానీ పక్కన ఇంకో దీవి కంటికి కనిపిస్తూ ఉంటే? అక్కడ కొండ ఉంటే, ఊట ఉంటే? అప్పుడు తెప్ప కడతాను, ఎవరు చెప్పినా ఆగను.

మంచినీళ్ళు:
అప్పుడు నేనూ కడతానండి. ముందు నాలుగైదు రోజులు ఒడ్డున కూర్చుని కొబ్బరి చిప్పలు నీళ్ళలో వదిలి అవి ఎటు పోతున్నాయో చూడండి. ఆటు సమయంలో పగడపు గట్టు సందుల్లోంచి నీరంతా బయటికి లాగేస్తుంది. ఆ వేళ తెప్ప దింపితే ఎదుటి దీవి పక్కనుంచే దాటిపోతారు.