‘మార్‌ప్రిలేట్’ను తెలుగులో ఏమనాలి?

1588–89లో ఇంగ్లండులో దొంగచాటుగా అచ్చయిన ఏడు కరపత్రాల రచయిత పెట్టుకున్న మారుపేరు మార్టిన్ మార్‌ప్రిలేట్. ప్రిలేట్ అంటే బిషప్పు స్థాయి మతాధికారి, మార్ అంటే చెడగొట్టడం. ‘బిషప్పుల విరోధి’ అంటే అర్థం వస్తుంది కానీ వెటకారం చచ్చిపోతుంది. కోతల వేళ పడేదాన్ని మనం ‘చెడగొట్టు వాన’ అంటాం కదా, అందుకని నా ఓటు ‘పీఠంచెడగొట్టు మార్టిన్’కు. మనకు ఇంటిపేరు ముందే వస్తుంది కాబట్టి వరస కూడా కుదిరింది.

— పీఠం అనగానే తెలుగువారికి శంకరాచార్యులు గుర్తుకొస్తారండీ. పైగా మార్టిన్ పక్షమైన ప్యూరిటన్ల (ఇంగ్లండు చర్చిని ఇంకా సంస్కరించాలన్న ప్రొటెస్టెంట్ల) తగాదా అంతా బిషప్పు అనే మాట మీదే. అపొస్తలుల కార్యములు 20లో 17వ వచనంలో ‘పెద్దలు’ అన్నవారినే 28లో ‘అధ్యక్షులు’, అంటే బిషప్పులు, అన్నారు, మన తెలుగు బైబిలులోనూ అంతే. ఇద్దరూ ఒకటే అయితే పెద్దల నెత్తిన బిషప్పు ఎందుకని వారి ప్రశ్న. ‘అధ్యక్ష’ లేకపోతే ఆ వాదం కనిపించదు.

— నిజమే. కానీ ‘అధ్యక్షచెడగొట్టు’ అంటే ఎవరో పార్టీ అధ్యక్షుడి పదవి ఊడగొట్టినట్టుంది! నేను పీఠాన్నే పట్టుకుంటాను, కథోలికులు పీఠాధిపతి అనే మాట వాడుతూనే ఉన్నారు. ఇంకో లాభం చూడండి. 1589లోనే మార్టిన్‌కు ఎదురుగా ‘మార్-మార్టిన్’ వచ్చింది, దాని మీద ‘మార్ మార్-మార్టిన్’ వచ్చింది. ఇంగ్లీషులో ఈ తోక ముందుకు పెరుగుతుంది, మనకు వెనక్కి: మార్టిన్‌చెడగొట్టు, మార్టిన్‌చెడగొట్టుచెడగొట్టు. నోరు తిరగకపోయినా వ్యాకరణం ఒప్పుకుంటుంది.

నన్ను ఓడించింది కూపర్. వించెస్టర్ బిషప్పు థామస్ కూపర్ మార్టిన్‌ను ఖండిస్తూ ఒక పుస్తకం వేశాడు. కూపర్ అంటే పీపాలు కట్టేవాడు. మార్టిన్ తన జవాబుకు ఆ పనివాళ్ల వీధికేకనే పేరుగా పెట్టాడు: ‘కూపర్‌కు పనేమైనా ఉందా?’ అని. 1589 ఆగస్టులో మాంచెస్టర్ దగ్గర ప్రెస్సు పట్టుబడినప్పుడు అచ్చులో ఉన్నదీ దాని కొనసాగింపే. మన వీధుల్లో పీపాల కేక వినలేదు, ‘కళాయి పోస్తాం’ విన్నాం. సరే, కళాయి అనే ఇంటిపేరున్న బిషప్పును ఎక్కడినుంచి తేను?