రాయగడ నుంచి బీఎల్ఎస్ కోర్సు: ఏది, ఎక్కడ చేయడం మంచిది?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, రాయగడ):

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి, నాలుగేళ్లుగా రాయగడలో ఒక చిన్న నర్సింగ్ హోంలో పనిచేస్తున్నాను. ఈ మధ్య విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ఇంటర్వ్యూకు వెళ్తే, ఐసీయూలో చేరాలంటే బీఎల్ఎస్ (గుండె, ఊపిరి ఆగినవారిని కాపాడే ప్రాథమిక శిక్షణ) కార్డు ఉండాల్సిందేనన్నారు. నా దగ్గర ఒక సర్టిఫికెట్ ఉంది. రెండు వేల రూపాయలు కట్టి, ఫోనులో వీడియోలు చూసి, ఇరవై ప్రశ్నలకు జవాబులు పెట్టి సంపాదించినది. అక్కడి సీనియర్ సిస్టరు దాన్ని పక్కన పెట్టి, "ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మ మీద ఎన్నిసార్లు నొక్కావమ్మా?" అని అడిగారు. ఒక్కసారి కూడా నొక్కలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఈసారి సరైన చోట చేయాలనుకుంటున్నాను. బరంపురం వెళ్లాలా, విశాఖ వెళ్లాలా? ఏసీఎల్ఎస్ (మందులు, మానిటరుతో చేసే పై స్థాయి కోర్సు) కూడా కలిపి చేస్తే తగ్గింపు ఇస్తామని ఒక సంస్థ వారు రోజూ ఫోను చేస్తున్నారు. మా తమ్ముడు ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు; వాడిని కూడా ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇద్దరం ఒకే కోర్సు చేస్తే సరిపోతుందా?

సమాధానం (మత్తు డాక్టరు, బరంపురం):

అమ్మా, ఊరు సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ ఆసుపత్రి వారికి ఫోను చేసి, ఎవరి కార్డు ఒప్పుకుంటారో కనుక్కోండి. కార్పొరేట్ ఆసుపత్రుల్లోనూ, గల్ఫ్ ఉద్యోగాలకూ ఎక్కువగా అడిగేది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారి బీఎల్ఎస్. దాని గడువు 2 ఏళ్లు. రాత పరీక్షలో 25 ప్రశ్నలు ఉంటాయి, 84 శాతం రావాలి, అంటే 21 సరిగ్గా రాయాలి. దానితోపాటు పెద్దవారికీ, పసిబిడ్డకూ సీపీఆర్ (ఛాతీ నొక్కి, శ్వాస ఇవ్వడం) చేసి, గుండెకు షాకు ఇచ్చే ఏఈడీ యంత్రం వాడి చూపించాలి. మన దేశంలోనే ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ రూపొందించిన కోర్సులూ ఉన్నాయి: సామాన్యులకు సీఓఎల్ఎస్, ఆసుపత్రి బయట పనిచేసే వైద్య సిబ్బందికి బీసీఎల్ఎస్, ఆసుపత్రి లోపలి వారికి సీసీఎల్ఎస్. అవీ మంచి కోర్సులే. మీరు చేరబోయే చోట అవి చెల్లుతాయా అన్నదే ప్రశ్న.

ఇక సంస్థను ఎంచుకునేటప్పుడు ఫీజు కన్నా ముందు అడగవలసిన మాట, ఎందరికి ఎన్ని బొమ్మలు అన్నది. ఈ అమెరికన్ కోర్సు నియమం ప్రకారం ఒక శిక్షకుడి దగ్గర ఆరుగురికి మించకూడదు, ముగ్గురికి ఒక బొమ్మ ఉండాలి. నొక్కిన లోతు, వేగం సరిపోయాయో లేదో అక్కడికక్కడే తెలిపే పరికరం కూడా 2019 నుంచి తప్పనిసరి. పెద్దవారికి కనీసం 5 సెంటీమీటర్లు, 6కు మించకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని పుస్తకంలో ఎవరైనా చదువుతారు. కానీ ప్రతి నొక్కుకీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలన్నది చేతికి అలవాటు కావాలంటే బొమ్మ దొరకాలి. హాలులో నలభై మందిని కూర్చోబెట్టి, ముందు వరుస వారి చేత మాత్రమే నొక్కించే చోట్లు కూడా ఉన్నాయి. పాఠం ఆన్‌లైన్‌లో చదివి, నైపుణ్య పరీక్షకు స్వయంగా హాజరయ్యే పద్ధతి ఈ అమెరికన్ కోర్సులోనే ఉంది, అది చెల్లుతుంది. మొత్తం ఫోనులోనే ముగిసేది చెల్లదు.

ఏసీఎల్ఎస్ ఇప్పుడే వద్దు. మానిటరు మీద వీఎఫ్ (గుండె లయ తప్పి అదరడం) ఏదో, అసిస్టొలీ (గుండెలో కదలికే లేకపోవడం) ఏదో పోల్చుకోగలిగి, అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము 3 నుంచి 5 నిమిషాలకొకసారి ఎందుకు ఇస్తారో తెలిసిన వారికి అది పనికివస్తుంది. ఈసీజీ చదవడం రాకుండా తగ్గింపు కోసం చేరితే ఆ డబ్బు ఏట్లో పోసినట్టే.

సమాధానం (ఫ్యాక్టరీ భద్రతా విభాగం, రాయగడ):

మీ తమ్ముడికి బీఎల్ఎస్ సరిపోదండి. అందులో గుండె, ఊపిరి, గొంతులో ఏదైనా అడ్డుపడటం వరకే ఉంటాయి. ఫ్యాక్టరీలో రోజూ ఎదురయ్యేవి కాలిన గాయాలు, రక్తస్రావం, ఎముకలు విరగడం, కరెంటు షాకు. 150 మందికి ఒకటి చొప్పున ప్రథమ చికిత్స పెట్టె, దానికి సర్టిఫికెట్ ఉన్న మనిషి బాధ్యత వహించాలని, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్‌లోనే రాశారు. ఆ అవసరానికి సెయింట్ జాన్ ఆంబులెన్స్ గానీ, రెడ్ క్రాస్ గానీ ఇచ్చే ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తీసుకోమనండి.

ప్రశ్న (ఉపాధ్యాయుడు, గుణుపురం):

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా బడి పిల్లలు వంశధారలో ఈతకు దిగుతుంటారు. డాక్టరు గారు చెప్పిన సీఓఎల్ఎస్ మా ఉపాధ్యాయులు నేర్చుకుంటే చాలా?

సమాధానం (మత్తు డాక్టరు, బరంపురం):

మంచి ప్రశ్న అడిగారు మాస్టారూ. సీఓఎల్ఎస్‌లో ఛాతీ నొక్కడమే ఉంటుంది, శ్వాస ఇవ్వడం ఉండదు. పెద్దవారు ఉన్నట్టుండి గుండె ఆగి పడిపోతే వారి రక్తంలో ఇంకా ప్రాణవాయువు ఉంటుంది కనుక అది ఉపయోగపడుతుంది. నీట మునిగిన పిల్లవాడికి గుండె ఆగేది ప్రాణవాయువు అందకనే, కాబట్టి శ్వాస ఇవ్వకపోతే లాభం తక్కువ. ఒక్కరే ఉంటే 30 నొక్కులకు 2 శ్వాసలు చొప్పున నేర్పే కోర్సునే మీ బడికి పిలిపించుకోండి. నేర్చుకునేలోగా ఆపద వస్తే మాత్రం, 108కి ఫోను చేయించి, వచ్చినంత వరకు నొక్కడం మొదలుపెట్టాలి.

సమాధానం (ఐసీయూ నర్సు, విశాఖపట్నం, సొంతూరు పార్వతీపురం):

చెల్లీ, నేను ఈ కోర్సు రెండుసార్లు చేశాను. రాయగడ నుంచి మీకు పార్వతీపురం, విజయనగరం మీదుగా రైలు ఉంది కనుక విశాఖే సులువు. తరగతి సుమారు సగం పూట పడుతుంది, కానీ ముందు రోజు రాత్రికే చేరుకోండి. పుస్తకం, పరీక్ష ఇంగ్లీషులో ఉంటాయి. పుస్తకం ముందుగా పంపమని గట్టిగా అడగండి. చీర వద్దు, చుడీదార్ వేసుకుని, గాజులు తీసేసి వెళ్లండి. నేల మీద మోకాళ్లపై కూర్చుని నొక్కాలి. మొదటిసారి నాకు నిమిషంన్నరకే మోచేతులు వంగిపోయాయి, బొమ్మలోంచి వచ్చే టక్ శబ్దం ఆగిపోయింది. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలని ఎందుకంటారో అప్పుడు తెలిసింది.

ప్రశ్న అడిగిన వారు (రాయగడ):

అందరికీ కృతజ్ఞతలు. ఆసుపత్రి వారు అమెరికన్ కార్డే కావాలన్నారు. రోజూ ఫోను చేసే సంస్థ వారిని బొమ్మలు ఎన్ని ఉంటాయని అడిగితే, మళ్లీ చేస్తామని పెట్టేశారు, ఇంకా చేయలేదు. విశాఖలో మరొకరు ఆరుగురికి రెండు బొమ్మలని వెంటనే చెప్పి, పుస్తకం కూడా ముందే పంపుతామన్నారు. వారికే డబ్బు కట్టాను.